గొంతు కావాలి, మనిషి వద్దు

కొన్నేళ్ల క్రితం ఒక సదస్సు కోసం అమెరికా వెళ్లాను. అది ఫిబ్రవరి నెల. అక్కడ ఆ నెలను నల్లజాతి చరిత్ర మాసంగా పాటిస్తారు. నేను బస చేసిన నగరంలోని ఒక మ్యూజియం ఆ నెల కార్యక్రమాలన్నిటినీ ఆఫ్రికన్ సంతతి కళలకే కేటాయించింది. మధ్యాహ్నం ఒక పాత మూకీ చిత్రం, సాయంత్రం బానిసత్వకాలపు భక్తిగీతాలు, చివర పశ్చిమ ఆఫ్రికా వాద్యాలతో నృత్యం. టికెట్ కొనుక్కుని మూడూ చూశాను.

ఆ మూకీ చిత్రం పేరు 'బాడీ అండ్ సోల్'. 1925లో నల్లజాతి దర్శకుడు ఆస్కార్ మిషో తీశాడు. అందులో ప్రధాన పాత్రధారి పాల్ రోబ్సన్. సినిమాల్లో ఆయనకు అదే తొలి వేషం. ఏ గొంతును విని సగం ప్రపంచం మైమరచిందో, ఆ గొంతు గల మనిషిని తెర తొలుత చూపింది గొంతు వినబడని చిత్రంలో. సాయంత్రం గాయక బృందం పాడిన గీతాల్లో కొన్నిటిని మ్యూజియం వారు రోబ్సన్ రికార్డుల నుంచి కూడా వినిపించారు. శ్రోతలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. బయటికి వస్తూ గోడ మీది పరిచయఫలకం చదివాను. గాయకుడు, నటుడు, క్రీడాకారుడు అని మూడు పేరాలు. రాజకీయాభిప్రాయాల కారణంగా కొంత వివాదానికి గురయ్యాడని చివర అరవాక్యం. ఎనిమిదేళ్లు పాస్‌పోర్టు లేకుండా సొంత దేశంలోనే బందీగా ఉంచిన సంగతి ఆ అరవాక్యంలో ఇమిడిపోయింది.

నాకు మా తాత గుర్తొచ్చాడు. తాత డప్పు కొట్టేవాడు. ఊళ్లో పెళ్లి, చావు, జాతర, చాటింపు ఏది జరిగినా ఆయన డప్పు లేనిదే కదలదు. పంట కళ్లంలో కొన్ని మానికల ధాన్యం, పండగనాడు మిగిలిన అన్నం ఆయనకు కూలి. ఊరేగింపు ముందు ఆయన డప్పు ఉండాలి. ఊరేగింపు గుడి మెట్ల దగ్గరికి చేరగానే ఆయన ఆగిపోవాలి. మా నాన్నను ఆయన ఆ డప్పు ముట్టనివ్వలేదు. బడికి పంపి బడిపంతులును చేశాడు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలై, అదే డప్పు ఆత్మగౌరవ చిహ్నమై ఊరూరా మోగినప్పుడు మా నాన్న సంతోషించాడు గాని, తాను మాత్రం డప్పు పట్టలేదు. దాచిపెట్టాల్సిన సిగ్గా, చాటుకోవాల్సిన గర్వమా అన్న ఆ తగవు మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. రోబ్సన్ జీవితాన్ని నేను చదివింది ఆ తగవు కోసమే. కులమూ జాతివర్ణమూ ఒకటేనని నేను అనను. కాని అణచివేసిన వారి కళను మెచ్చుకుంటూనే వారిని గడప బయట నిలబెట్టే విద్య రెండుచోట్లా ఒకటే.

పాల్ రోబ్సన్ 1898 ఏప్రిల్ 9న న్యూజెర్సీ రాష్ట్రంలోని ప్రిన్స్‌టన్‌లో పుట్టాడు. తండ్రి విలియం డ్రూ రోబ్సన్ పుట్టుకతో బానిస. పదిహేనేళ్ల వయసులో, 1860లో, ఉత్తర కరోలినాలోని యజమాని తోట నుంచి పారిపోయి, తరువాత చదువుకుని చర్చి బోధకుడయ్యాడు. విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్లోనే కాపురమున్నా, ఆ విశ్వవిద్యాలయం నల్లవారిని చేర్చుకోదు. 1901లో తెల్లజాతి చర్చి పెద్దలతో పొసగక ఆయన కొలువు పోయింది. నిన్నటిదాకా వేదిక మీద ధర్మబోధ చేసిన మనిషి గుర్రపుబండి మీద ఇంటింటి బూడిద ఎత్తి బతికాడు. 1904లో పొయ్యి నిప్పు బట్టలకంటుకుని తల్లి మరణించింది. అప్పటికి పాల్‌కు ఆరేళ్లు నిండలేదు. కొలువు పోయినా తల వంచని ఆ తండ్రి నీడలోనే ఆయన పెరిగాడు. పారిపోయి వచ్చిన బానిస కొడుకునన్న మాటను జీవితమంతా దాచలేదు, మరవలేదు.

1915లో పోటీ పరీక్షలో నెగ్గి రట్గర్స్ కళాశాలలో ఉపకారవేతనంతో చేరాడు. ఆ కళాశాల చరిత్రలో ఆయన మూడో నల్లజాతి విద్యార్థి. ఫుట్‌బాల్ జట్టులో చేరబోతే సాటి ఆటగాళ్లే మొదటిరోజు చితకబాదారు. ఒకడు మేకుల బూటుతో చేతిని తొక్కి గోళ్లు ఊడదీశాడు. ఆయన వెనక్కు తగ్గక అదే జట్టులో దేశం మెచ్చిన ఆటగాడయ్యాడు. 1916లో దక్షిణాదికి చెందిన ఒక కళాశాల నల్లవాడున్న జట్టుతో ఆడబోమంటే, రట్గర్స్ ఆయనను ఆ రోజు పక్కన కూర్చోబెట్టింది. నన్ను ఎక్కువ బాధించింది మాత్రం దెబ్బల కథ కాదు. కళాశాల గాయక బృందం సొంత ఆవరణలో కచేరీ చేస్తే ఆయన పాడవచ్చు, కచేరీ ముగిశాక జరిగే విందుకు మాత్రం ఉండకూడదు. దెబ్బకు మందు రాసుకోవచ్చు, ఈ మర్యాదకు మందేమిటి? ఆయన తరగతిలో ప్రథముడిగా నిలిచి, 1919 స్నాతకోత్సవంలో విద్యార్థుల తరఫున ప్రసంగించి బయటకు వచ్చాడు. అంతకు ముందు ఏడాదే తండ్రి కన్నుమూశాడు.

ఆ తరువాత కొలంబియా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివాడు. ఫీజులకు సెలవు రోజుల్లో డబ్బు కోసం ఫుట్‌బాల్ ఆడాడు. 1913 నుంచి 1916 వరకు అదే విశ్వవిద్యాలయంలో అంబేడ్కర్ చదివారు. ఇద్దరి మధ్య నాలుగేళ్ల ఎడం. 1921లో రోబ్సన్ ఎస్లాండా గుడ్‌ను పెళ్లాడాడు. ఆమె రసాయనశాస్త్రం చదువుకున్నది. తరువాతి కాలంలో మానవశాస్త్రం చదివి ఆఫ్రికా గురించి పుస్తకం రాసింది. భర్తకు తొలినాళ్లలో కచేరీలు కుదిర్చినదీ, లెక్కలు చూసినదీ, దారి చూపినదీ ఆమే. మన జీవితచరిత్రల్లో భార్యలకు జరిగే అన్యాయమే ఆమెకూ జరిగింది కనుక ఈ నాలుగు మాటలు. 1923లో పట్టా పుచ్చుకుని రోబ్సన్ ఒక న్యాయసంస్థలో చేరాడు. నల్లవాడు చెప్పే పాఠం రాసుకోనని అక్కడి స్టెనోగ్రాఫర్ మొరాయించింది. ఆయన టోపీ తీసుకుని బయటికి నడిచాడు. న్యాయవాద వృత్తి అంతటితో సరి.

నాటకరంగం పిలిచింది. యూజీన్ ఓనీల్ నాటకాల్లో 1924 నుంచి నటించి పేరు తెచ్చుకున్నాడు. అసలు మలుపు 1925 ఏప్రిల్ 19. ఆ రాత్రి న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్ థియేటర్లో, పియానో మీద లారెన్స్ బ్రౌన్ తోడుగా, పూర్తిగా నల్లజాతి పాటలతోనే కచేరీ చేశాడు. ఒక ఇటాలియన్ పాట లేదు, ఒక జర్మన్ పాట లేదు. బానిసత్వంలో పత్తిచేలల్లో పుట్టిన భక్తిగీతాలు, శ్రమగీతాలు మాత్రమే. ఇందులో విశేషమేమని నేటివారికి అనిపించవచ్చు. చదువుకుని పైకి వచ్చిన నల్లజాతి కుటుంబాలు చాలావాటికి ఆ రోజుల్లో ఆ పాటలు వినడమే నామోషీ. అవి గొలుసుల నాటి గుర్తులు. తెల్లవాళ్లు ముఖానికి మసి పూసుకుని వెక్కిరించడానికి వాడుకున్న సరుకు. ఫిస్క్ విశ్వవిద్యాలయ విద్యార్థులు 1871 నుంచే వాటిని దేశదేశాలూ పాడినా, డుబోయిస్ 1903లోనే తన గ్రంథంలో వాటిని తన జాతి ఇచ్చిన కానుకగా నిలబెట్టినా, ఆ నామోషీ పూర్తిగా పోలేదు. రోబ్సన్ వాటిని పాశ్చాత్య సంగీతపు ముసుగు వేయకుండా, తన తండ్రి చర్చిలో విన్న తీరులోనే, ఆ యాసలోనే పాడాడు. సభ ఇంటికి వెళ్లనంది. ఆయన మళ్లీమళ్లీ పాడాల్సి వచ్చింది.

నేనిక్కడ కాసేపు ఆగాలి. మా తాత డప్పును ముట్టనివ్వకపోవడం తప్పా? కాదు. వెట్టి నుంచి బిడ్డను తప్పించే దారి ఆయనకు అదొక్కటే కనబడింది. రోబ్సన్ ఆ పాటలను సభలోకి తీసుకురాగలగడానికి ముందు, ఆయన తండ్రి తోటలోంచి పారిపోవాల్సి వచ్చింది. వద్దనగలిగే స్వేచ్ఛ వచ్చాకే కావాలనుకోవడానికి అర్థం ఉంటుంది. ఈ వరుసను మన జానపద కళోత్సవాల నిర్వాహకులు గ్రహించరు. చెప్పు కుట్టేవాడి కొడుకు ఇంజనీరైతే సంప్రదాయం నశించిందని కన్నీరు కారుస్తారు.

1928లో లండన్ డ్రూరీ లేన్ థియేటర్లో 'షో బోట్' సంగీతనాటకంలో 'ఓల్ మ్యాన్ రివర్' పాట పాడాడు. మిసిసిపీ నది ఒడ్డున మూటలు మోసే నల్లకూలీ పాట అది. రాసినవారు తెల్లవారు. ఆ పాట ఆయన పేరుతో ఎంత ముడిపడిందంటే, విడిగా చూడడం నేటికీ కష్టం. మొదట అది నది ముందు ఓడిపోయిన మనిషి నిట్టూర్పు. రోబ్సన్ కచేరీల్లో పాడుతూ పాడుతూ మాటలు మార్చాడు. తన జాతిని కించపరిచే పదం తీసేశాడు. అలసట, చావుభయం చెప్పే చోట చివరిదాకా పోరాటమనే భావం పెట్టాడు. రాగం అదే, నది అదే, పాడే మనిషి మారాడు. మన భూపేన్ హజారికా కూడా కొలంబియాలో పరిశోధన చేసిన రోజుల్లో రోబ్సన్ ప్రభావంలో పడి, ఆ నదిని బ్రహ్మపుత్రకు తెచ్చి అస్సామీలో పాట కట్టాడు. గంగను నిలదీసే దాని హిందీ రూపం మన శ్రోతలకు చిరపరిచితం.

లండన్ ఆయనను నెత్తిన పెట్టుకుంది. పెట్టుకుంటూనే 1929లో సవాయ్ హోటల్ భోజనశాలలోకి రానివ్వలేదు. మరుసటి ఏడాది ఆ హోటల్ పక్కనే, అదే పేరు గల సవాయ్ థియేటర్లో ఆయన ఒథెల్లో వేషం కట్టాడు. డెస్డిమోనాగా పెగ్గీ ఆష్‌క్రాఫ్ట్. ఒక గోడకు ఇటు రాజసేనాని, అటు గెంటివేయదగినవాడు. మ్యూజియం ఫలకం మీద ఈ రెండో సంగతికి చోటు దొరకలేదు.

మ్యూజియాల వారు, చిత్రోత్సవాల వారు అందరికంటే శ్రద్ధగా చదవాల్సిన అధ్యాయం 1935 నాటిది. అప్పటికి రోబ్సన్ లండన్‌లో ఆఫ్రికా భాషలు నేర్చుకుంటున్నాడు. తన జాతికి గతమే లేదన్న అబద్ధానికి జవాబు ఆఫ్రికా పాటల్లో, నుడికారంలో దొరుకుతుందని నమ్మాడు. ఆ సమయంలో అలెగ్జాండర్ కోర్డా నిర్మాతగా, ఆయన తమ్ముడు జోల్టాన్ కోర్డా దర్శకుడిగా 'శాండర్స్ ఆఫ్ ది రివర్' తలపెట్టారు. జోల్టాన్ బృందం ఆఫ్రికా వెళ్లి నెలల తరబడి అక్కడి నృత్యాలు, పాటలు, పడవ ఊరేగింపులు చిత్రీకరించి తెచ్చింది. ఆ దృశ్యాలు, ధ్వనులు రోబ్సన్‌ను ముగ్ధుణ్ణి చేశాయి. ఆఫ్రికా కళను గౌరవంగా చూపే తొలి పెద్ద చిత్రం ఇదేననుకుని బొసాంబో అనే నాయకుడి వేషానికి ఒప్పుకున్నాడు. షెపర్టన్ స్టూడియోలో ఆఫ్రికా పల్లెను కట్టారు. బ్రిటన్ రేవుపట్టణాల్లో పనిచేసే నల్లవారిని జనంగా నిలబెట్టారు. ఆ జనంలో అప్పుడు లండన్‌లో చదువుకుంటున్న జోమో కెన్యాట్టా కూడా ఉన్నాడు. తరువాత ఆయనే స్వతంత్ర కెన్యాకు తొలి అధ్యక్షుడు.

చిత్రం తెర మీదికి వచ్చాక చూస్తే, అది బ్రిటిష్ వలస అధికారికి పట్టిన హారతి. నృత్యాలున్నాయి, పాటలున్నాయి, డోలు మోతలున్నాయి. వాటిని ఏ వరుసలో కూర్చి ఏ కథకు దాసోహం చేయాలో తేల్చినవాడు ఎడిటింగ్ బల్ల దగ్గర కూర్చున్నవాడు. తెల్ల అధికారి ఒక్కడు లేకపోతే ఆ నాట్యమాడే జనం ఒకరినొకరు చంపుకుంటారన్నది చిత్రం చెప్పే నీతి. అందులో రోబ్సన్ ఆ అధికారికి నమ్మినబంటు. ఆయన చిత్రాన్ని బహిరంగంగానే తప్పుపట్టాడు. అయితే పారితోషికం పుచ్చుకుని వేషం కట్టినవాడు తానే. ఆ నింద నుంచి పూర్తిగా తప్పించుకోలేకపోయాడు. తప్పించుకోవాల్సిన పనీ లేదు. దాని నుంచి నేర్చుకున్నాడన్నదే ముఖ్యం. మరుసటి ఏడాది 'సాంగ్ ఆఫ్ ఫ్రీడమ్' చిత్రానికి ఒప్పుకునేటప్పుడు, తుదిరూపం తన ఆమోదం పొందాలని షరతు పెట్టాడు. ఒక నల్లనటుడు అలాంటి షరతు పెట్టడం ఆ కాలానికి పెద్ద మాట. 1940లో వచ్చిన 'ది ప్రౌడ్ వ్యాలీ'లో వేల్స్ బొగ్గుగని కార్మికుల నడుమ ఒక నల్లకార్మికుడిగా నటించాడు. తన చిత్రాల్లో తాను గర్వించదగినది అదేనని భావించాడు. 1942లో హాలీవుడ్ తీసిన 'టేల్స్ ఆఫ్ మన్‌హాటన్'లో మళ్లీ పాత మోసమే ఎదురైంది. నల్లవాళ్లు అమాయకులు, దేవుడు పడేసిన డబ్బుకు మురిసిపోయేవాళ్లు. ఇక హాలీవుడ్‌కు దండం పెట్టి వచ్చేశాడు. అప్పటికి ఆయన వయసు నలభై నాలుగు. ఆయన గొంతు ఎలా ఉన్నదో తరువాతి తరాలకు చెప్పగల చిత్రాలు ఆగిపోయినందుకు బాధపడేవారున్నారు. నేను పడను.

1938 జనవరిలో అంతర్యుద్ధంలో ఉన్న స్పెయిన్ వెళ్లి ఫ్రాంకోకు ఎదురు నిలిచిన సైనికులకు పాడాడు. అదే ఏడాది లండన్‌లో నెహ్రూకు జరిగిన స్వాగత సభలో పాల్గొన్నాడు. ఇంగ్లండ్‌లో ఉన్నప్పుడే, పాట కూలివాడిదైతే పాడేవాడు కూలివాడి పక్షం ఉండాలన్న నిశ్చయానికి వచ్చాడు. 1943లో బ్రాడ్‌వేలో మళ్లీ ఒథెల్లో వేస్తే 296 ప్రదర్శనలు నడిచింది. అమెరికా వేదిక మీద తెల్లనటి పక్కన నల్లనటుడు ఆ వేషం కట్టడమే ఒక సంచలనం. జట్టుతో ఊళ్లు తిరిగేటప్పుడు నల్లవారినీ తెల్లవారినీ వేరుగా కూర్చోబెట్టే హాళ్లలో ఆడలేదు. 1946లో నల్లవారిని మూకలు చంపడాన్ని ఆపే చట్టం కోసం అధ్యక్షుడు ట్రూమన్‌ను కలిసిన బృందానికి నాయకత్వం వహించాడు. చట్టం రాలేదు.

అక్కడి నుంచి దేశం ఆయన మీదికి తిరగబడింది. 1949 ఏప్రిల్‌లో పారిస్ శాంతి మహాసభలో ఆయన మాట్లాడిన మాటలను వార్తాసంస్థలు వక్రీకరించి ప్రచురించాయి. ఆగస్టు 27న న్యూయార్క్ రాష్ట్రంలోని పీక్‌స్కిల్ దగ్గర జరగాల్సిన కచేరీని మూక చెదరగొట్టింది. సెప్టెంబర్ 4న మళ్లీ పెట్టారు. కార్మికులు చుట్టూ గోడలా నిలబడితే ఆయన పాడాడు. కచేరీ ముగించుకుని వెళ్తున్న బస్సుల మీద, కార్ల మీద రాళ్లవాన కురిసింది. పోలీసులు చూస్తూ నిలబడ్డారు. కారంచేడు, చుండూరు తెలిసిన పాఠకుడికి పోలీసులు చూస్తూ నిలబడడమంటే ఏమిటో నేను వివరించనక్కరలేదు.

1950లో ప్రభుత్వం ఆయన పాస్‌పోర్టు రద్దు చేసింది. కమ్యూనిస్టును కానని సంతకం పెడితే తిరిగిస్తామన్నారు. పౌరుడి అభిప్రాయం అడిగే హక్కు ప్రభుత్వానికి లేదని ఆయన పెట్టలేదు. స్వదేశంలో హాళ్లు మూసుకున్నాయి, రికార్డు కంపెనీలు ముఖం చాటేశాయి. ఏటా లక్ష డాలర్లకు పైబడిన ఆదాయం కొద్ది వేలకు పడిపోయింది. ఆయన పేరు ఉచ్చరించడమే ప్రమాదమనుకుని సాటి నల్లజాతి ప్రముఖులు కొందరు దూరం జరిగారు. 1951 డిసెంబరులో, అమెరికా నల్లవారిపై సాగుతున్నది జాతిసంహారమని ఆరోపించే వినతిపత్రాన్ని న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి కార్యాలయానికి అందజేసిన బృందం ముందు నడిచినవాడు ఆయనే. దానికి అయిదేళ్ల ముందు, అమెరికా నల్లవారు ఐక్యరాజ్యసమితికి పెట్టిన మరో వినతిపత్రం ప్రతులు కావాలని డుబోయిస్‌కు లేఖ రాసినవారు అంబేడ్కర్. అంటరానివారి కోసం అదే దారి ఆలోచిస్తున్నానని ఆ లేఖ సారాంశం.

1952 వేసవిని నేను తరచు తలచుకుంటాను. మే 18న అమెరికా, కెనడా సరిహద్దులోని పీస్ ఆర్చ్ దగ్గర, ఒక లారీ పలకల మీద నిలబడి రోబ్సన్ పాడాడు. కెనడా గనికార్మికుల సంఘం ఆయనను పిలిచింది. ఆ సరిహద్దు దాటడానికి పాస్‌పోర్టు అక్కరలేకపోయినా ప్రభుత్వం ఆయనను వెళ్లనివ్వలేదు. అందుకని ఆయన గీతకు ఇటు నిలబడ్డాడు, వేలాది కెనడా జనం గీతకు అటు వచ్చి కూర్చున్నారు. మూడు వారాలైనా గడవకముందే, జూన్ 5న, న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయం తన పూర్వవిద్యార్థి అంబేడ్కర్‌కు న్యాయశాస్త్రంలో గౌరవ డాక్టరేట్ ప్రదానం చేసింది. భారత రాజ్యాంగ రచనకు గుర్తింపుగా ఇచ్చిన గౌరవమది. నాకు అందులో పేచీ లేదు. అదే విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివిన మరొక పూర్వవిద్యార్థి మాత్రం ఆ రోజు దేశం దాటి అడుగు పెట్టలేడు. అంటరానితనపు దేశం నుంచి వచ్చినవారిని గౌరవించగలిగిన ఊరు, తన సొంత అంటరానివాణ్ణి చూడలేకపోయింది. ఇదే పని మనమూ చేస్తాం. మండేలాకు భారతరత్న ఇచ్చిన దేశంలోనే రెండు గ్లాసుల టీకొట్లు ఉన్నాయి.

1956 జూన్ 12న అమెరికన్ వ్యతిరేక కార్యకలాపాల విచారణ సంఘం ముందు నిలబెట్టారు. అంత ఇష్టమైతే రష్యాలోనే ఉండిపోవచ్చు గదా అన్న ధోరణిలో ప్రశ్న వచ్చింది. తన తండ్రి బానిస అనీ, ఈ దేశాన్ని కట్టడానికి తనవారు ప్రాణాలు పెట్టారనీ, తన భాగం వదిలిపెట్టి ఎక్కడికీ పోననీ జవాబిచ్చాడు. 1957లో అట్లాంటిక్ సముద్రం కింద వేసిన టెలిఫోన్ తీగ మీదుగా లండన్ సభకు, ఆపై వేల్స్ గనికార్మికుల పండుగకు పాడాడు. మనిషిని ఆపారు, గొంతు దాటిపోయింది. 1958 ఏప్రిల్‌లో ఆయన అరవయ్యో పుట్టినరోజును మన దేశంలో జరపడానికి బొంబాయి హైకోర్టు ప్రధానన్యాయమూర్తి ఎం.సి. చాగ్లా అధ్యక్షతన సంఘం ఏర్పడింది. నెహ్రూ మద్దతు పలికారు. అమెరికా దౌత్యవేత్తలు అడ్డుకోవాలని ప్రయత్నించినా ఉత్సవం ఆగలేదు. ఆ జూన్‌లోనే మరొకరి కేసులో సుప్రీంకోర్టు తీర్పు వల్ల పాస్‌పోర్టు తిరిగి వచ్చింది.

నేను ఆరాధనతో రాస్తున్నానని అనుకోవద్దు. సోవియట్ రష్యా విషయంలో ఆయన కళ్లు మూసుకున్నాడు. 1934లో తొలిసారి మాస్కో వెళ్లినప్పుడు, రంగును బట్టి కాక మనిషిగా తనను చూశారన్న అనుభవం ఆయనను జీవితాంతం కట్టిపడేసింది. 1949లో మాస్కోలో తన మిత్రుడైన యూదు కవి ఇట్జిక్ ఫెఫర్ నిర్బంధంలో ఉన్నాడని తెలుసుకున్నాడు. ఆ కచేరీలో వార్సా యూదుల తిరుగుబాటు గీతాన్ని యిద్దిష్ భాషలో పాడాడు. ఆ సభలో అది సాహసమే. ఇంటికి తిరిగి వచ్చాక మాత్రం బహిరంగంగా నోరు విప్పలేదు. ఫెఫర్‌ను 1952లో కాల్చి చంపారు. అమెరికాలో తనవారి శత్రువుల చేతికి ఆయుధమివ్వకూడదన్న భయం ఆయన మౌనానికి కారణమై ఉండవచ్చు. అది కారణమే గాని సమర్థన కాదు. మన ఉద్యమాల్లోనూ సొంత శిబిరంలో జరిగిన అన్యాయం గురించి ఇలాగే మాట్లాడకుండా మిగిలిపోయినవాళ్లం మనమే.

చివరి ఏళ్లు త్వరగా చెప్పుకోవచ్చు. 1959లో స్ట్రాట్‌ఫర్డ్‌లో ఒథెల్లో వేశాడు. 1960లో సిడ్నీలో ఇంకా కడుతున్న ఒపెరా హౌస్ దగ్గర, పరంజాల మీద కూర్చున్న భవన కార్మికుల ముందు పాడాడు. టికెట్ కొనగలవారు ఆ మందిరంలోకి రావడానికి పదమూడేళ్ల ముందు, దాన్ని కట్టేవారి కోసం అక్కడ పాట మోగింది. 1961 నుంచి మనసు, దేహం రెండూ చితికిపోయాయి. లండన్ ఆసుపత్రిలో విద్యుత్ షాకులు ఇచ్చారు. 1963లో అమెరికా తిరిగి వచ్చాడు. 1965లో ఎస్లాండా చనిపోయింది. ఫిలడెల్ఫియాలో అక్క మేరియన్ ఇంట్లో లోకానికి దూరంగా గడిపి, 1976 జనవరి 23న కన్నుమూశాడు. హార్లెంలో ఒకప్పుడు తన అన్న బోధకుడిగా ఉన్న చర్చిలో అంత్యక్రియలు జరిగాయి. వానలోనూ వేలమంది వచ్చారు.

తరువాతే గౌరవాలు వరుసకట్టాయి. రట్గర్స్‌లో గోళ్లు ఊడిన ఆటగాణ్ణి కళాశాల ఫుట్‌బాల్ ప్రముఖుల మందిరంలో చేర్చుకున్నది 1995లో, చనిపోయిన పందొమ్మిదేళ్లకు. 1998లో గ్రామీ జీవనసాఫల్య పురస్కారం. 2004లో తపాలా బిళ్ల. ఊరు దాటనివ్వని ప్రభుత్వమే ఆయన ముఖాన్ని ఊరూరా పంపింది. ఫిలడెల్ఫియాలో ఆయన చివరి దినాలు గడిపిన వాల్‌నట్ వీధి ఇల్లు ఇప్పుడు స్మారక మందిరం. అక్కడ పాడతారు, ఆడతారు, చిత్రాలు చూపుతారు. అక్కడికి వెళ్లలేకపోయానన్న వెలితి నాకుంది.

ఈ వ్యాసానికి అసలు కారణం కూడా చెప్పాలి. రెండు నెలల క్రితం ఒక సంస్థ జానపద వాద్యాల గ్యాలరీ ఏర్పాటు చేస్తూ, మా తాత డప్పును ప్రదర్శనకు ఇవ్వమని నాకు ఉత్తరం రాసింది. అటక మీది డప్పు దించాను. మేకతోలు ఒకచోట చీలింది. కర్ర వలయం గట్టిగానే ఉంది. నాన్న దాన్ని చాలాసేపు చేత్తో తడుముతూ కూర్చున్నాడు. ఇవ్వడానికి ఒప్పుకున్నాడు, ఫలకం మీద రాయాల్సినవి కొన్ని కాగితం మీద రాసి ఇచ్చాడు. తాత పేరు ఇంటిపేరుతో సహా. పెళ్లికి ఎంత, చావుకు ఎంత, కళ్లంలో ఎన్ని మానికలు కూలి ఇచ్చేవారో ఆ లెక్క. ఊరేగింపులో ఏ మెట్టు దగ్గర ఆయన ఆగేవాడో ఆ మెట్టు. ప్రారంభోత్సవానికి డప్పు కళాకారులను పిలిస్తే, అతిథులతో పాటే వారికీ అదే పంక్తిలో భోజనం పెట్టాలన్నది ఆఖరి షరతు. కాగితాన్ని ఉన్నది ఉన్నట్టు టైపు చేయించి పంపాను. జవాబు ఇంకా రాలేదు. డప్పు ప్రస్తుతం నాన్న మంచం పక్కన గోడకు ఆనించి ఉంది.